తాళంచెవి ఎవరికియ్యాలె ఆంటీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాశారు, కాలేజీ పిల్లలు గుడికీ చర్చికీ మొహం చాటేస్తున్నారు, ఫోన్లు పట్టుకుని పాడైపోతున్నారు అని. గుడి సంగతి చెప్పడానికి నాకు అర్హత లేదు. చర్చి సంగతి కొంచెం చెప్పగలను, ఎందుకంటే హనుమకొండలో మా సంఘంలో యవనస్తుల పని 2014 నుంచి నా నెత్తి మీదే ఉంది. నేను బడిలో టీచర్ని, మా ఆయనది రైల్వే. ఇన్నేళ్లలో నేను చూసింది ఏంటంటే, పిల్లలు రాకపోవడం మా ఇబ్బంది కాదు. వస్తారు. ప్రతి ఆగస్టులో కొత్త మొహాలు వెనక బెంచీల్లో కనిపిస్తాయి, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గుమ్మం దగ్గర కాసేపు నిలబడతాయి. వచ్చినవాళ్లను ఉంచుకునే ఏర్పాటు మా దగ్గర లేదు, వాళ్లు వెళ్లిపోయాక పని ఆగకుండా చూసుకునే తెలివి అసలే లేదు. ఈ మాట సంఘంలో ఎత్తితే "టీచరమ్మ మళ్లీ మొదలుపెట్టింది" అంటారు, అందుకని మీకు రాస్తున్నా. పొడుగైతే కత్తిరించుకోండి, ఏమనుకోను.

2018 జూన్‌లో ఒక సోమవారం పొద్దున ఆరున్నరకు మా గేటు చప్పుడైంది. బయట మా యూత్ లీడర్ అబ్బాయి. బీటెక్ అయిపోయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆటోలో పరుపు చుట్ట, ప్లాస్టిక్ బకెట్, బకెట్‌లో చెప్పులూ ఐరన్ బాక్సూ. కాజీపేటలో రైలు అందుకోవాలని తొందరలో ఉన్నాడు. చేతిలో చర్చి పక్క గది తాళంచెవి. "ఆంటీ, ఇది ఎవరికియ్యాలె?" అన్నాడు. నోరు తెరిచాను గానీ పేరు రాలేదు. నాలుగేళ్లు గిటార్ అతనే వాయించాడు, వాక్యం అతనే చెప్పాడు, హాస్టళ్ల నుంచి పిల్లల్ని అతనే పోగుచేసి తెచ్చాడు, క్రిస్మస్‌కి స్టార్ కూడా అతనే ఎక్కి కట్టాడు. ఎవరు ఏ హాస్టల్‌లో ఉన్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు ఇంట్లో తెలియకుండా వస్తున్నారో అంతా అతని ఫోన్‌లో, అతని తలలో. "నాకే ఇయ్యి బిడ్డా" అన్నాను. ఇచ్చి ఆటో ఎక్కాడు. దసరా సెలవులైపోయాక లెక్క చూసుకుంటే పాతిక మందికి మిగిలింది నలుగురు, అందులో ఇద్దరు మా పాస్టరుగారి పిల్లలే.

అతన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు. చదువైపోయిన పిల్లాడు పోక ఏంచేస్తాడు. నాలుగేళ్లు ఒకడి భుజాల మీద అంతా పెట్టేసి, చప్పట్లు కొట్టి, వాడు పోయే రోజు ఒకటి వస్తుందని ఒక్కసారి కూడా అనుకోని మాదే తప్పు. అందులో ముందు నాది.

మన ఊరి సంగతి మీకు నేను చెప్పేదేముంది. 1959లో ఆర్‌ఈసీ అని ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైంది ఇప్పుడు ఎన్‌ఐటీ అయింది, మెడికల్ కాలేజీ కూడా ఆ ఏడే వచ్చింది, 1976లో కాకతీయ యూనివర్సిటీ. వాటి చుట్టూ ఇంజినీరింగ్, నర్సింగ్, డిగ్రీ కాలేజీలు, కోచింగులు. నయీంనగర్, కిషన్‌పుర, భీమారం వైపు సందుల్లోకి పోతే ఇళ్ల కంటే హాస్టల్ బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. భూపాలపల్లి, ఏటూరునాగారం, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్, మంచిర్యాల, ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడ మూడేళ్లో నాలుగేళ్లో ఉండి పోతారు. మా సంఘం లెక్క చూడండి, అదంతా కుటుంబాల లెక్క. రిజిస్టర్‌లో ఇంటి పెద్ద పేరు ఉంటుంది, కింద భార్యా పిల్లలు, పెళ్లి ఎప్పుడైంది, చందా ఎంత. హాస్టల్ పిల్లకు అందులో జాగా లేదు. ఆదివారం మైకులో "విజిటర్స్ ఉంటే లేచి నిలబడండి" అన్నప్పుడు లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, కూర్చుంటుంది. ఒక నర్సింగ్ అమ్మాయి నవ్వుతూ అడిగింది, "ఆంటీ, నేను థర్డ్ ఇయర్‌కు వచ్చిన, ఇంకా విజిటర్‌నేనా?" అని. నాకు నవ్వు రాలేదు.

నాలుగేళ్లు అని పేరే గానీ చేతికొచ్చేది చాలా తక్కువ. మొదటి ఏడాది సగం ఇంటి మీద బెంగతో, సగం ఊరు తెలుసుకోవడంతో పోతుంది. మిడ్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు, ల్యాబులు. బతుకమ్మకు, దసరాకు హాస్టళ్లు ఖాళీ, సంక్రాంతికి ఖాళీ. మేడారం జాతర వచ్చిన ఏడైతే బస్సులన్నీ అటే, ములుగు వైపు పిల్లలు ఎటూ రాలేరు. చివరి ఏడు ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్ల టెన్షన్. కోచింగ్ పిల్లలకైతే ఆదివారం పొద్దున్నే వీక్లీ టెస్టు, ఇంక ఆరాధనకు ఎట్లా వస్తారు చెప్పండి. వాళ్ల కోసం ఆదివారం సాయంత్రం ఐదింటికి గంటసేపు పెడదామంటే మా కమిటీలో ఒకాయన "దేవుని దినం పొద్దున ఆరాధన వదిలేసి సాయంత్రం వస్తే అది ఆరాధన ఎట్లయితది" అన్నారు. పొద్దున టెస్టు పెట్టింది పిల్లలా? ఇంకో సంగతి, ఇది తెలుసుకోవడానికి మాకు మూడు క్రిస్మస్‌లు పట్టింది. డిసెంబర్ 25న యూత్ ప్రోగ్రాం పెడితే స్టేజీ మీద ఉండాల్సిన పిల్లలు ఒక్కరూ ఉండరు, ఎవరి ఊరి చర్చికి వాళ్లు పోతారు. పోవాలి కూడా. ఇప్పుడు డిసెంబర్ రెండో వారంలోనే సెమీ క్రిస్మస్ చేసేస్తున్నాం, సెమిస్టర్ డేట్‌షీట్ చూసుకుని. చర్చి క్యాలెండర్ కంటే ముందు యూనివర్సిటీ క్యాలెండర్ గోడకు తగిలించాలని నాకు అప్పుడు అర్థమైంది.

అన్నీ తీసేస్తే మిగిలేది సెకండ్ ఇయర్, థర్డ్ ఇయర్. మనం ఏం చేసినా ఆ రెండేళ్లలో చేయాలి. ఇక్కడే మేం ఎప్పుడూ తప్పు చేసేవాళ్లం. పని మొత్తం ఫైనల్ ఇయర్ పిల్లల చేతిలో పెట్టేవాళ్లం, పెద్దవాళ్లు కదా, తెలుసు కదా అని. వాళ్లకు ఆ ఏడాది తిండి తినడానికే టైం ఉండదు, మే వస్తే ఒక్కసారిగా అందరూ పోతారు. సెకండ్ ఇయర్‌లో చేతిలో పెడితే ఏడాది తప్పులు చేసి నేర్చుకుంటారు, థర్డ్ ఇయర్‌లో బాగా చేస్తారు, ఫైనల్ ఇయర్‌లో వెనక బెంచీలో కూర్చుని చిన్నవాళ్లను చూసుకుంటారు. ఇది నా సొంత తెలివి కాదు. 1954లో మొదలైన యుఇఎస్‌ఐ అనే క్రైస్తవ విద్యార్థుల సంస్థ వాళ్ల పని చూసి నేర్చుకున్నది. తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో వాళ్ల ఇ.యు. (ఇవాంజెలికల్ యూనియన్) అంటే చాలామంది క్రైస్తవ విద్యార్థులకు తెలుసు. అక్కడ ప్రార్థన నడిపేది, బైబిలు స్టడీ చెప్పేది, కొత్తవాళ్లను పిలిచేది విద్యార్థులే, చదువైపోయినవాళ్లు గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ అని వెనక ఉండి ఆసరా ఇస్తారు. స్టేజీ లేదు, లైట్లు లేవు, ఒక్కోసారి చెట్టు కింద ఏడుగురు. అయినా బ్యాచ్ వెనక బ్యాచ్ నడుస్తూనే ఉంటుంది. మా సంఘాల్లో కొందరికి వాళ్లంటే కొంచెం కడుపుమంట, మన పిల్లల్ని వాళ్లు ఎత్తుకుపోతున్నారని. నేనైతే శనివారం అక్కడికి పొమ్మనే చెప్తా, ఆదివారం ఇక్కడికి వస్తారు. ఒక పిల్లకు రెండు చోట్ల అన్నం దొరికితే మనకొచ్చిన నష్టమేంటి.

2018లో కూలిపోయాక మా పెద్దలకు రోషం వచ్చింది. యూత్ రావాలంటే సౌండ్ ఉండాలన్నారు. స్పీకర్లు, మిక్సర్, మానిటర్, కొత్త కీబోర్డు, అంతా కలిపి లక్షన్నర దాకా అయింది. నేనూ చేయి ఎత్తాను, ఒప్పుకుంటున్నా. సౌండ్ బాగానే ఉంది, పక్కింటివాళ్లు రెండుసార్లు వచ్చి గొడవ పెట్టుకునేంత బాగా ఉంది. పిల్లలు వచ్చారు, పాటలు పాడారు, ప్రతి పాటకూ వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నారు. ఆ ఏడాదే భీమారం వైపు హాస్టల్‌లో ఉండే ఒక డిగ్రీ అబ్బాయి ఐదు వారాలు రాలేదు. ఎందుకు రాలేదని మాలో ఎవరూ అడగలేదు, ఆరో వారం బజార్లో కనిపిస్తే నేను అడిగా. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదట, కాలేజీవాళ్లు ఫీజు కట్టమన్నారట, మెస్ బిల్లు కూడా బాకీ, పొద్దున క్యాటరింగ్ పనికి పోతున్నాడట. పెళ్లిళ్ల సీజన్ కదా, ఆదివారాలే పని. "మరి చెప్పలేదేం నాయనా" అంటే తల గోక్కున్నాడు. "ఎవరికి చెప్పాలె ఆంటీ, అందరు పాటల్లో ఉంటరు" అన్నాడు. ఆ మానిటర్ స్పీకర్ పదిహేను వేలు. అతని మెస్ బాకీ నాలుగు వేల ఆరు వందలు. ఈ రెండు అంకెలు ఇంకా నా తలలోంచి పోలేదు.

తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్, హాస్టళ్లు రెండు రోజుల్లో ఖాళీ అయ్యాయి. ఫోన్‌లో మీటింగులు పెట్టాం. ఏటూరునాగారం దగ్గర పిల్ల సిగ్నల్ కోసం డాబా ఎక్కి కూర్చునేది, సగం వాక్యం గాలిలో పోయేది. ఆ ఏడాదిన్నర గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. తెరిచాక చూస్తే మళ్లీ మొదటికొచ్చింది, సౌండ్ సిస్టం మీద దుమ్ము.

ఈసారి సౌండ్ జోలికి పోలేదు. మా ఇంట్లో అన్నం వండాం. పెద్ద ఆలోచన చేసి కాదు, 2021 చివర్లో ఒక ఆదివారం ముగ్గురు పిల్లలు ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర బిస్కెట్ ప్యాకెట్ పంచుకుంటున్నారు, ఆ రోజు మెస్‌కు సెలవట. ఇంటికి రమ్మన్నా. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. ఒకబ్బాయి మూడోసారి అన్నం పెట్టుకుంటూ సిగ్గుపడి "ఆంటీ, మా అమ్మ గిట్లనే చేస్తది" అన్నాడు, అని కూరలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు సాయంత్రం నాలుగు దాకా కూర్చున్నారు. బైబిలు తెరవలేదు. బ్యాక్‌లాగ్‌లు ఎన్నున్నాయో చెప్పారు, రూమ్మేట్ తాగి వచ్చి గొడవ చేస్తాడని చెప్పారు, ఒకమ్మాయి ప్రార్థన చేస్తే దేవుడు వింటాడని తనకు ఇప్పుడు అంత నమ్మకం లేదని, ఆ మాట ఇంట్లో అంటే నాన్న కొడతాడని చెప్పింది. రెండేళ్లు మా చర్చిలో పాట పాడిన పిల్ల ఆ మాట మొదటిసారి చెప్పింది అన్నం ప్లేటు ముందు. నేను ఏం సమాధానం చెప్పానో గుర్తులేదు, బహుశా ఏం చెప్పలేదు, ఇంకొంచెం కూర వేశాననుకుంటా. మరుసటి వారం ఐదుగురు వచ్చారు.

ఇప్పుడు పదకొండు ఇళ్లు ఇట్లా చేస్తున్నాయి. నెలలో రెండు ఆదివారాలు, ఇంటికి నలుగురికి మించి వద్దని రూలు పెట్టుకున్నాం. పది మంది అయితే అది చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందు అయిపోతుంది, వడ్డించడమే సరిపోతుంది, మాట్లాడుకునేది ఉండదు. ఏ ఇంటికి ఎవరు పోతే వాళ్లే ఏడాదంతా అక్కడికే పోతారు. ఆ ఇంటివాళ్లకు ఆ పిల్లల పరీక్షలెప్పుడో తెలియాలి, ఒక వారం రాకపోతే ఫోన్ చేయాలి, అంతే పని. వాక్యం చెప్పడం రాని వాళ్లు, మైకు ముందు కాళ్లు వణికేవాళ్లు, వాళ్లే ఇందులో అందరికంటే బాగా చేస్తున్నారు. మా వీధిలో కూరగాయలమ్మే ఒకామె ఇంటికి ఇద్దరు బీటెక్ పిల్లలు పోతారు, ఆమె చదువుకోలేదు, వాళ్లను "ఏం రా, సన్నగైనవ్, తింటున్నవా లేదా" అని తిడుతుంది, వాళ్లు ఒక్క వారం కూడా మానరు.

దీనికీ మన ప్రాంతానికీ ఒక పాత సంబంధం ఉంది, చాలామంది మర్చిపోయారు. వరంగల్ నుంచి రైల్లో మహబూబాబాద్ దాటితే డోర్నకల్ వస్తుంది. అక్కడ బిషప్‌గా పనిచేసిన అజరయ్యగారు తమిళనాడులో తిరునల్వేలి వైపు మనిషి, 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. దానికి రెండేళ్ల ముందు, 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభ జరిగితే అక్కడ తెల్ల మిషనరీలందరి ముందు నిలబడి, మీరు మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగారు. సహాయం చేస్తారు గానీ పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినరు అన్నది ఆయన బాధ. ఆ మాటకు అక్కడ చాలామందికి కోపం వచ్చిందంటారు. వందేళ్లు దాటాక మా పిల్లలు మమ్మల్ని అడుగుతున్నది కూడా దాదాపు అదే. మేం ఆయన ఫొటోకు దండ వేస్తాం. ఇంకో మాట, ఆ అజరయ్యగారు వైఎంసీఏ సెక్రటరీగా పనిలో చేరింది 1895లో, అప్పటికి ఆయనకు ఇరవై ఒక్కటి. మా కమిటీలో ఇరవై ఒక్కేళ్ల పిల్లకు ఆదివారం ప్రకటనలు చదివే పని ఇవ్వడానికి రెండు మీటింగులు పట్టింది.

పెద్దలను ఊరికే ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు, వాళ్ల భయాలూ ఉన్నాయి. పిల్లల చేతికి ఇస్తే చెడగొడతారని, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఉంటే మాట వస్తుందని. రెండో భయం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇందులో నిజంగానే జాగ్రత్త కావాలి. అమ్మాయిల హాస్టళ్లకు ఎనిమిదికో ఎనిమిదిన్నరకో గేటు వేస్తారు, ప్రార్థన పొడిగించి వాళ్లను ఆలస్యం చేస్తే మరుసటి వారం వార్డెన్ పంపదు. కాబట్టి ఏడుకల్లా ముగించాలి, ప్రసంగం మధ్యలో ఉన్నా సరే. ప్రసంగీకులకు ఇది చెప్పడం ఎంత కష్టమో దేవునికే తెలుసు. ఏ అమ్మాయితోనైనా పాస్టరు గాని లీడరు గాని తలుపు వేసుకుని ఒంటరిగా మాట్లాడకూడదు, రాత్రి పూట వాట్సాప్‌లో "ప్రార్థన మనవులు" నడపకూడదు, ఇంకో పెద్ద మనిషి ఉండాలి. ఇది మేం కాగితం మీద రాసి గది తలుపుకు అంటించాం. కొందరికి అవమానంగా అనిపించింది, "మా మీద నమ్మకం లేదా" అన్నారు. నమ్మకం సంగతి కాదన్నా, కూతుర్ని భూపాలపల్లి నుంచి పంపించిన తల్లి ఈ కాగితం చదవాలన్నా.

ఫొటోల గొడవ ఇంకోటి. మీటింగ్ అవగానే ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం మాకు ఆరాధనలో భాగమైపోయింది. ఇద్దరు పిల్లలు ఆ ఫొటోల వల్లే మానేశారు, ఆ సంగతి వాళ్ల స్నేహితుల ద్వారా తెలిసింది. ఒకమ్మాయికి ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు. ఇంకో అబ్బాయికి కులం సర్టిఫికెట్ భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీల్లో సి గ్రూపు (బీసీ-సి) కిందికి వస్తారు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదన ఈ ఉత్తరంలో చేయను, అది పెద్ద కథ. కానీ పందొమ్మిదేళ్ల పిల్లాడు చర్చి మెట్ల మీద నిలబడి, లోపలికి పోతే స్కాలర్‌షిప్ ఏమవుతుందో అని లెక్కలు వేసుకుంటున్నాడని మనం తెలుసుకోవాలి కదా. ఆ లెక్క వాడూ వాడి ఇంటివాళ్లూ తేల్చుకోవాలి, మా ఫేస్‌బుక్ పేజీ కాదు. ఇప్పుడు ఫొటోలు పూర్తిగా ఆపేశాం. హాజరు తగ్గుతుందని భయపెట్టారు, తగ్గలేదు.

పిల్లలకు ఏం చెప్తున్నాం అన్నది కూడా చూసుకోవాలి. ఏ యూత్ మీటింగ్‌కు పోయినా సినిమా, సెల్‌ఫోన్, ప్రేమ వ్యవహారం, ఈ మూడింటి మీదే గర్జనలు. పిల్లలు చీటీల మీద పేరు లేకుండా రాసిన ప్రశ్నలు ఒక డబ్బాలో వేయిస్తే వచ్చినవి వేరు. గ్రూప్స్‌కు మూడేళ్లు చదివి రాకపోతే దేవుని చిత్తం కాదనుకోవాలా, ఇంకో అటెంప్ట్ రాయాలా? నాన్న అప్పు నేను తీర్చాలి, చర్చికి దశమ భాగం (సంపాదనలో పదో వంతు) ఎట్లా ఇవ్వాలి? పక్క బెడ్ అమ్మాయి వినాయక చవితి ప్రసాదం పెడితే ఆమె మనసు నొప్పించకుండా ఏం చేయాలి? ఒక చీటీ మీద "మనం అందరం సహోదరులం అంటారు కదా, మరి పెళ్లి సంబంధం చూసేటప్పుడు కులం ఎందుకు అడుగుతారు" అని ఉంది. అది చదివి మా పాస్టరుగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేను కూడా నా కొడుక్కి అడిగాను, తప్పే" అన్నారు. ఆయన మీద పిల్లలకు గౌరవం పెరిగింది ఆ రోజే. ఆ రాత్రి నేను ఇంటికొచ్చి మా ఆయనతో, ఇన్నేళ్లలో ఇదే మంచి ప్రసంగం అన్నా.

ఇంక మొదట చెప్పిన తాళంచెవి దగ్గరికి వస్తా. ఇప్పుడు మాకు ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, రెండు వందల పేజీలది, అట్ట ఊడిపోతే ప్లాస్టర్ వేశాం. ఎవరు ఏ ఊరు, ఏ హాస్టల్, ఏ కోర్సు, ఎప్పుడు అయిపోతుంది, ఏ ఇంటికి భోజనానికి పోతారు, అంతే రాస్తాం. సొంత విషయాలు రాయం. ప్రతి ఫిబ్రవరిలో సెకండ్ ఇయర్ పిల్లలు ఇద్దరిని, ఒకబ్బాయి ఒకమ్మాయి, పాతవాళ్ల పక్కన కూర్చోబెడతాం. జూన్ నాటికి పాతవాళ్లు పోతారు, వీళ్లు ఉంటారు. పోయేవాళ్ల పని ఇంకొకటుంది, హైదరాబాద్ పోతే ఏ ఏరియాలో ఉంటారో నెల ముందే చెప్పాలి. అశోక్‌నగర్ కోచింగ్‌కా, అమీర్‌పేట కోర్సుకా, హైటెక్ సిటీ ఉద్యోగానికా అని. అక్కడ మనకు తెలిసిన ఒక మనిషికి ఫోన్ చేసి, ఫలానా పిల్ల వస్తోంది, మొదటి ఆదివారం భోజనానికి పిలవండి అని చెప్తాం. చర్చి అడ్రస్ చేతిలో పెట్టి పంపితే పదిమందిలో ఇద్దరు కూడా వెతుక్కుని పోరు, ఇది నా అనుభవం. ఒక మనిషి స్టేషన్ బయట నిలబడితే పోతారు. పల్లెల్లోని పాస్టర్లు కూడా మాకు ఇట్లాగే ఒక్క ఫోన్ చేస్తే ఎంత బాగుంటుందో. మీ సంఘంలో ఇంటర్ పాసై హనుమకొండ వస్తున్న పిల్ల ఎవరో మీకు తెలుసు, మాకు తెలియదు. తెలిసేసరికి ఆ పిల్లకు సెకండ్ ఇయర్ వస్తుంది. పాటల పోటీలకు సంఘాలన్నీ కలుస్తాయి, ఈ చిన్న పనికి కలవలేమా. మీది ఏ డినామినేషన్ అని మేం అడగం. మీ పిల్ల ఇక్కడ ఇంకో సంఘానికి పోతానంటే అక్కడికే పంపిస్తాం, మీ దగ్గరినుంచి ఎత్తుకుపోవడం మా పని కాదు.

డబ్బు గురించి కూడా ఒక ముక్క. కమిటీతో కొట్లాడి నెలకు మూడు వేలు యవనస్తుల పని కింద పద్దు రాయించా. వంటకు కాదు, అది ఇళ్లవాళ్లే పెట్టుకుంటారు. బస్సు చార్జీలు, పరీక్ష ఫీజుకు చేబదులు, ఒంట్లో బాగాలేకపోతే ఆటో. చేబదులు తీసుకున్నవాళ్లలో చాలామంది తిరిగిచ్చారు, ఇద్దరు ఇవ్వలేదు, ఆ ఇద్దరి పేర్లు కమిటీలో ప్రతి మీటింగ్‌కూ వస్తాయి. సౌండ్ సిస్టంలో మానిటర్ పాడై రెండేళ్లయింది, దాని పేరు ఎవరూ ఎత్తరు.

ఇంత రాశాక, పని బాగా నడుస్తోందని అనుకుంటారేమో. ఏమో మరి. పోయిన ఏడాది ఇరవై ముగ్గురు ఉన్నారు, ఈ ఏడాది పంతొమ్మిది. ఒక ఇల్లు భోజనం మానుకుంది, వాళ్ల అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఎన్‌ఐటీలో వేరే రాష్ట్రాల పిల్లలు కొందరు ఉన్నారు, తెలుగు రాదు, మా ప్రసంగాలు వాళ్లకు అర్థం కావు, వాళ్ల కోసం మేం ఇప్పటిదాకా చేసింది సున్నా. కానీ మొన్న జూన్‌లో ముగ్గురు ఒకేసారి వెళ్లిపోయినా మరుసటి ఆదివారం గది తెరుచుకుంది. నేను ఆ వారం ఊళ్లో లేను కూడా.

తాళంచెవి ఇప్పుడు ఒక డిగ్రీ సెకండ్ ఇయర్ అమ్మాయి దగ్గర ఉంది. గత వారం అది సిటీ బస్సులో పోగొట్టుకుంది. ఏడుపు మొహంతో ఫోన్ చేసింది, "ఆంటీ, నన్ను తీసేస్తరా?" అని. ఎందుకు తీసేస్తాం, చౌరస్తా దగ్గర తాళాలు బాగుచేసే ఆయన ఉంటాడు, పోయి చేయించమన్నా. రెండు చేయించింది, నూట ఇరవై రూపాయలు. రెండోది నాకు ఇస్తుందనుకున్నా. ఫస్ట్ ఇయర్ అబ్బాయికి ఇచ్చిందట.

ఇట్లు,
ఒక టీచర్, నయీంనగర్, హనుమకొండ